పూత మీదున్న మొక్క పసుపెక్కుతోందా? డాబా తోటలో కారణం పట్టుకునే పద్ధతి

సంక్రాంతి దగ్గర పడుతుంటే నాకు వచ్చే ఫోటోలన్నీ ఒకేలా ఉంటాయి. మిరప మొక్క నిండా తెల్లటి పూత, కింద పసుపు ఆకులు. "ఏం వెయ్యాలి?" అని అడుగుతారు. విజయనగరం నుంచి, శ్రీకాకుళం నుంచి, మధ్యలో చీపురుపల్లి, రాజాం నుంచి కూడా ఇదే ప్రశ్న. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే, నేను మా డాబా మీద ఏ వరసలో చూస్తానో మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ఇది కుండీల్లో, గ్రో బ్యాగుల్లో, పాత పెయింట్ బకెట్లలో పెంచే మిరప, టొమాటో, వంగ, బెండ మొక్కల కోసం. పొలంలో పంటకి లెక్కలు వేరు. పూత దశ గురించే ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. అప్పటిదాకా ఆకులకి వెళ్ళిన ఆహారాన్ని మొక్క పువ్వులకీ పిందెలకీ మళ్ళిస్తుంది. వేరు దగ్గర ఏ చిన్న లోపం ఉన్నా ఆ సమయంలోనే బయటపడుతుంది. మనం కంగారుపడి తప్పు మందు వేస్తే ముందు రాలేది పూతే.

1. ముందు మూడు రోజులు ఏమీ వెయ్యకండి

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నది. ఒక ఏడాది మార్గశిరంలో మా మిరప బ్యాగులు 14 ఒకేసారి పసుపెక్కాయి. సోమవారం యూరియా నీళ్ళు పోశాను. గురువారం ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) కొట్టాను. ఆదివారం పొయ్యి బూడిద చల్లాను. పది రోజుల్లో పూతంతా డాబా మీద రాలి పడింది. పొద్దున్నే ఊడుస్తుంటే చీపురుకి తెల్లటి పూలు అంటుకుని వచ్చేవి.

చివరికి ఒక బ్యాగు పక్కకి జరిపి చూస్తే కింద గచ్చు మీద నల్లటి బురద. బ్యాగు కన్నాలు వేళ్ళతో, మట్టితో మూసుకుపోయి నీళ్ళు కిందే నిలిచిపోతున్నాయి. అడుగున గుచ్చిన చీపురు పుల్ల బయటికి తీసి వాసన చూస్తే మురికి కాలువ వాసన. నేను వేసినవేవీ ఆ మొక్కకి అక్కర్లేదు. దానికి కావాల్సింది గాలి.

అందుకే మొదటి మూడు రోజులూ చూడటానికే. ఈ మూడు సందర్భాల్లో మాత్రం ఆగొద్దు:

- ఆకు అడుగున పురుగులు గుంపులుగా కనిపిస్తే
- కుండీ కింద నీళ్ళు నిలిచి ఉంటే
- మొక్క పచ్చగా ఉండగానే ఒక్క పూటలో వాడిపోతే

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- తెల్ల కాగితం ఒకటి
- సన్నటి చీపురు పుల్ల లేదా వెదురు పుల్ల
- భూతద్దం, లేదా దగ్గరగా ఫోటో తీయగల ఫోన్
- గాజు గ్లాసు
- పదునైన బ్లేడు, తుడవడానికి కొంచెం శానిటైజర్
- పీహెచ్ (పులుపో క్షారమో) చూపించే కాగితాలు, నీళ్ళ టీడీఎస్ (కరిగి ఉన్న ఉప్పులు) చూసే పెన్ను. రెండూ ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతాయి
- వంటింటి చిన్న తూకం, గ్రాములు చూపించేది
- ఒక నోటు పుస్తకం

నోటు పుస్తకం ఎందుకని చాలామంది అనుకుంటారు. ఏ రోజు ఏం పోశారో రాసిపెట్టుకోకపోతే వారం తర్వాత మీకే గుర్తుండదు. "మొన్నెప్పుడో వేశాను" అంటే దాన్నిబట్టి ఎవరూ ఏమీ చెప్పలేరు.

3. పసుపు ఎక్కడ మొదలైంది?

మొక్క ఎదురుగా కూర్చుని, కంటి ఎత్తులో చూడండి. పైనుంచి చూస్తే చిగుళ్ళే కనిపిస్తాయి.

కింది ముదురు ఆకుల్లో మొదలైతే: నత్రజని, పొటాష్, మెగ్నీషియం, ఈ మూడింటిలో ఏదో ఒకటి తగ్గి ఉండొచ్చు. ఇవి తగ్గితే మొక్క పాత ఆకుల్లోంచి తీసి కొత్త చిగురుకి పంపుతుంది. అందుకే కిందవి ముందు పసుపెక్కుతాయి.

పైన చిగురులో మొదలైతే: ఇనుము, లేదా గంధకం. వీటిని పాత ఆకుల్లోంచి వెనక్కి తీసుకోవడం మొక్కకి దాదాపు చేతకాదు. వేరు నుంచి రాకపోతే చిగురే పస్తుంటుంది.

జింకు లోపం కూడా ఎక్కువగా లేత, నడి ఆకుల్లోనే కనిపిస్తుంది. ఆకు చిన్నదై, కణుపుల మధ్య దూరం తగ్గి, కొస గుత్తిలా అవుతుంది.

మొక్కలో ఒక పక్కే పసుపెక్కితే: ఎరువు సంగతి పక్కన పెట్టండి. ఒక కొమ్మ, లేదా ఆకులో ఒక సగం పసుపెక్కి రెండో సగం పచ్చగా ఉంటే అది ఎండు తెగులు కావచ్చు. 8వ మెట్టు చూడండి.

మొక్క అంతా ఒకేసారి వెలిసిపోతే: నీళ్ళో వేరో కారణం. 6వ మెట్టుకి వెళ్ళండి.

ఒకటి రెండు అడుగు ఆకులే పసుపెక్కి, మిగతా మొక్క నిగనిగలాడుతూ కొత్త పూత తొడుగుతుంటే అది వయసు. వదిలెయ్యండి. టొమాటోలో మొదటి గుత్తి పిందె కట్టాక దాని కింద ఆకులు మనమే తీసేస్తాం కదా, అవి పోతున్నాయని బెంగ అక్కర్లేదు. వారానికి నాలుగైదు ఆకుల చొప్పున పైకి ఎగబాకుతుంటే అప్పుడు పట్టించుకోండి.

4. ఈనె ఏ రంగులో ఉంది?

పసుపెక్కిన ఆకు ఒకటి కోసి వెలుగుకి అడ్డంగా పట్టుకోండి. ఈ ఒక్క పనితో సగం అనుమానాలు తీరతాయి.

ఈనెతో సహా ఆకంతా సమానంగా లేత పసుపు, అదీ కింది ఆకు: నత్రజని లోపం. మొక్క మొత్తం కొంచెం వెలిసినట్టు, కాడలు సన్నగా ఉంటాయి.

ఈనెలు పచ్చగా, వాటి మధ్య పసుపు, కింది ఆకు: మెగ్నీషియం. టొమాటో కాయ పట్టే సమయంలో ఇది బాగా కనిపిస్తుంది. పొటాష్ ఎక్కువగా వేస్తే కూడా మొక్క మెగ్నీషియాన్ని తీసుకోలేదు. పూత కోసమని పొటాష్ గుప్పించిన వాళ్ళ తోటలో ఇదే చూస్తాను.

ఈనెలు సన్నటి పచ్చ వలలా, మధ్యంతా లేత పసుపు, పై చిగురు: ఇనుము. ముదిరితే చిగురు దాదాపు తెల్లబడుతుంది.

ఆకు అంచు చుట్టూ పసుపు, తర్వాత అంచు మాడి గోధుమ రంగు, కింది ఆకు: పొటాష్. కాకపోతే ఉప్పు నీళ్ళకి కూడా అంచులు మాడతాయి. రెండింటికీ తేడా 6వ మెట్టులో తెలుస్తుంది.

చిగురంతా ఈనెలతో సహా లేత పసుపు: గంధకం. గత్తం (పశువుల ఎరువు) వేసిన కుండీల్లో ఇది అరుదు.

ఈనెలే పసుపెక్కి, మధ్య భాగం పచ్చగా ఉంటే: ఇది పూర్తిగా వేరే విషయం. బెండలో ఇలా కనిపిస్తే అది పల్లాకు తెగులు. వైరస్ అది, తెల్లదోమ మోసుకొస్తుంది. దీనికి మందు లేదు. మొక్క పీకి, కవర్లో మూటకట్టి బయట పడెయ్యండి. "ఇంకో నాలుగు కాయలు కాస్తుందేమో" అని ఉంచితే పక్క మొక్కలకీ అంటుకుంటుంది.

5. ఆకు తిప్పండి

పురుగులు ఎక్కువగా ఆకు అడుగునే ఉంటాయి. పొద్దున్న ఎండెక్కకముందు చూడండి.

తెల్ల కాగితం కొమ్మ కింద పెట్టి, కొమ్మని రెండుసార్లు తట్టండి. కాగితం మీద చుక్కలు పడతాయి. అర నిమిషం ఆగండి. చుక్కలు కదిలితే అవి పురుగులు. వేలితో రుద్దితే ఎర్రటి గీత పడితే ఎర్రనల్లి. సన్నగా పొడుగ్గా, లేత పసుపు రంగులో పాకుతుంటే తామర పురుగు.

ఆకు మీద గుర్తులు ఇలా ఉంటాయి:

- పైన సూదితో పొడిచినట్టు సన్నటి పసుపు చుక్కలు, అడుగున సాలెగూడు లాంటి దారాలు: ఎర్రనల్లి. మార్చి దాటాక, వాన లేని రోజుల్లో ఎక్కువ.
- మిరప ఆకు అంచులు పైకి పడవలా ముడుచుకుంటే తామర పురుగు. కిందికి ముడుచుకుని కాడ సాగితే నల్లి. మన రైతులు పై ముడత, కింది ముడత అనేవి ఇవే.
- వంగ ఆకు అంచులు పసుపెక్కి పైకి వంకరపోతే పచ్చదోమ.
- ఆకు జిగటగా ఉండి, చీమలు తిరుగుతుంటే పేనుబంక.
- కుండీ కదపగానే తెల్లటి పిండిలా లేచి మళ్ళీ వాలితే తెల్లదోమ.
- మిరప ఆకు పైన పసుపు మచ్చలు, సరిగ్గా దాని అడుగున తెల్లటి పొడి: బూడిద తెగులు. మంచు పడే డిసెంబరు, జనవరిలో వస్తుంది. ఆకులు టపటపా రాలిపోతాయి. చాలామంది దీన్ని ఎరువు లోపం అనుకుంటారు, ఎందుకంటే ఆకు తిప్పి చూడరు.
- టొమాటో కింది ఆకుల మీద గోధుమ మచ్చ, అందులో వలయం లోపల వలయం, చుట్టూ పసుపు: ఆకుమాడు తెగులు.

6. నీళ్ళ లెక్క

నాకు వచ్చే ఫోటోల్లో ఎక్కువ భాగం చివరికి ఇక్కడే తేలతాయి. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

ముందు కుండీ ఎత్తి చూడండి. నీళ్ళు పోసిన అరగంటకి ఒకసారి, మర్నాడు సాయంత్రం ఒకసారి ఎత్తితే బరువు తేడా చేతికి అలవాటవుతుంది. మర్నాడు సాయంత్రానికీ అంతే బరువుంటే నీళ్ళు ఎక్కువైనట్టే. పైన మట్టి పొడిగా కనిపించినా నమ్మొద్దు. మన తీరపు గాలికి పై అంగుళం గంటలో ఆరిపోతుంది, అడుగు మాత్రం చిత్తడిగానే ఉంటుంది.

చీపురు పుల్లని అడుగుదాకా గుచ్చి, ఐదు నిమిషాలు ఉంచి తియ్యండి. మట్టి అంటి తడిగా వస్తే ఆ రోజు నీళ్ళు వద్దు. పుల్ల చివర వాసన చూడండి. మంచి మట్టికి తొలకరి వాసన వస్తుంది. కుళ్ళు వాసన వస్తే వేళ్ళకి గాలి అందట్లేదు.

ఆకు వాలి ఉండి, కుండీ బరువుగా ఉంటే నీళ్ళు ఎక్కువ. ఆకు వాలి ఉండి, కుండీ తేలిగ్గా ఉంటే నీళ్ళు తక్కువ. ఆకు ఒక్కటే చూసి నీళ్ళు పోసేవాళ్ళు మొదటి రకం మొక్కని ఇంకా ముంచేస్తారు.

తుఫాను రోజుల్లో, అంటే అక్టోబరు, నవంబరు వానలకి, రెండు నష్టాలు ఒకేసారి జరుగుతాయి. వేరు మునుగుతుంది, నత్రజని నీళ్ళతో పాటు కన్నాల్లోంచి కొట్టుకుపోతుంది. వాన వెలిసిన నాలుగైదు రోజులకి కింది ఆకులు పసుపెక్కేది అందుకే. ముందు ఆరనివ్వండి, ఎరువు ఆ తర్వాత.

ఇక ఉప్పు సంగతి. మా అప్ప వాళ్ళది పూసపాటిరేగ వైపు, సముద్రానికి దగ్గర. "ఏటే, ఎన్ని నీళ్ళు పోసినా ఆకు అంచులు మాడిపోతన్నాయి" అని ఫోన్ చేసింది. వెళ్ళి చూస్తే బోరు నీళ్ళ బకెట్టు లోపల తెల్లటి చారలు. కుండీ మట్టి మీద గీకితే ఊడొచ్చే తెల్లటి పొర. టీడీఎస్ పెన్ను పెడితే 1400 దాటింది. నీళ్ళు ఎక్కువ పోసేకొద్దీ ఉప్పు కూడా ఎక్కువ చేరుతోంది.

- 500 లోపు ఉంటే మామూలుగా ఇబ్బంది ఉండదు.
- 500 నుంచి 1000 మధ్య అయితే మిరప, చిక్కుడు మీద కన్నేసి ఉంచండి. అవి ఉప్పుకి తొందరగా డీలా పడతాయి. టొమాటో కొంచెం ఓర్చుకుంటుంది.
- 1000 దాటితే వాన నీళ్ళో, కుళాయి నీళ్ళో సగానికి సగం కలిపి పోయండి.

పేరుకున్న ఉప్పు కడగాలంటే: పొద్దున్నే కుండీని ఇటుకల మీద పెట్టి, కన్నాలు తెరిచి ఉన్నాయని చూసుకుని, మంచి నీళ్ళు నెమ్మదిగా పోయండి. 15 లీటర్ల మట్టి పట్టే బ్యాగుకి 30 లీటర్ల నీళ్ళు, అరగంటపాటు, విడతలుగా. కన్నాలు సరిగ్గా లేకుండా ఈ పని చేస్తే వేరు మునుగుతుంది, జాగ్రత్త. కడిగాక ఎరువు కూడా పోతుంది కాబట్టి మూడు నాలుగు రోజుల తర్వాత పలచటి ఎరువు నీళ్ళు ఇవ్వాలి.

7. మట్టిలో ఏం కలిపారో గుర్తు చేసుకోండి

కొబ్బరి పొట్టు: ఉద్దానం వైపు నుంచి చవగ్గా దొరుకుతుందని బస్తాలు తెచ్చుకుంటాం. కడగని పచ్చి పొట్టులో ఉప్పు ఉంటుంది. పైగా అది మనం వేసిన కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ పట్టేసుకుని, తనలోని పొటాష్‌నీ సోడియాన్నీ వదులుతుంది. మెగ్నీషియం లోపంలా కనిపించేది చాలాసార్లు ఇదే. మొక్క నాటకముందే రెండు మూడు సార్లు నానబెట్టి పిండి వాడుకోవాలి. ఇప్పటికే నాటేసి ఉంటే 6వ మెట్టులో చెప్పినట్టు కడిగి, ఆకుల మీద ఎప్సమ్ ఇవ్వండి.

మాగని గత్తం: చేత్తో పిసికితే పేడ వాసన వస్తే అది ఇంకా మాగలేదు. మట్టిలో కుళ్ళేటప్పుడు వేడి పుడుతుంది. గడ్డి ఎక్కువగా ఉంటే దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నత్రజనిని అవే తినేస్తాయి. పై పొర రెండంగుళాలు తీసేసి, బాగా మాగిన గత్తమో వర్మీ కంపోస్టో వెయ్యండి.

బూడిద: మా వీధిలో ఒక పిన్నిగారు నీళ్ళు కాచే కట్టెల పొయ్యి బూడిద రోజూ గుప్పెడు చొప్పున టొమాటో కుండీల్లో వేసేవారు. పురుగు పట్టదని. కింది ఆకులు నల్లటి పచ్చగా ఉన్నాయి, చిగుళ్ళు మాత్రం నిమ్మపండు రంగు. మట్టి నీళ్ళ పీహెచ్ 8 దాటింది. బూడిద మట్టిని క్షారంగా మారుస్తుంది, క్షారం ఎక్కువైతే మట్టిలో ఇనుము ఉన్నా వేరుకి కరగదు. ఆవిడ బూడిద మానేసి, రెండుసార్లు అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్) కొట్టాక పండక్కి చిగుళ్ళు పచ్చబడ్డాయి.

పీహెచ్ చూడటం ఇలా: కుండీలో నాలుగంగుళాల లోతు నుంచి ఒక చెంచా మట్టి తీసి, రెండున్నర చెంచాల ఆర్ఓ నీళ్ళో వాన నీళ్ళో కలిపి, అరగంట తేర్చి, పై నీళ్ళలో కాగితం ముంచండి. 6 నుంచి 7 మధ్య ఉంటే కూరగాయలకి బాగుంటుంది. 7.5 దాటితే చిగురు పసుపుకి కారణం దొరికినట్టే.

8. వేరు, కాండం

పై మెట్లలో ఏదీ సరిపోకపోతే వేరు చూడాలి. పూత మీదున్న మొక్కని పెకలించొద్దు. బ్యాగు అంచు పక్కన మట్టి నాలుగంగుళాలు నెమ్మదిగా తవ్వి చూస్తే చాలు. తెల్లగా, గట్టిగా ఉంటే మంచి వేరు. గోధుమ రంగులో, లాగితే పై తొక్క ఊడి లోపల దారం మిగిలితే కుళ్ళు. వేళ్ళ మీద బఠాణీల్లా ఉబ్బులుంటే నులిపురుగులు. గుండ్రంగా చుట్టుకుపోయి మట్టే కనిపించకపోతే కుండీ చాలట్లేదు.

ఒక్కసారిగా వాడిన టొమాటో, వంగ మొక్కకి గ్లాసు పరీక్ష చెయ్యండి. నేల దగ్గర కాండం రెండంగుళాల ముక్క కోసి, గ్లాసు నీళ్ళలో సగం మునిగేలా వేలాడదీసి, కదపకుండా కొన్ని నిమిషాలు చూడండి. కోసిన చోటి నుంచి పాల లాంటి సన్నటి దారాలు కిందికి దిగితే అది బాక్టీరియా వాడు తెగులు. దారాలు రాకుండా, కాండం నిలువుగా చీలిస్తే లోపల గోధుమ గీతలుంటే ఎండు తెగులు. రెండింట్లో దేనికైనా ఆ మొక్కని, మట్టిని తీసెయ్యాల్సిందే. ఆ మట్టిలో మళ్ళీ మిరప, టొమాటో, వంగ నాటొద్దు. బ్లేడు తుడవకుండా ఇంకో మొక్కని ముట్టుకోవద్దు.

9. కారణం తెలిశాక ఏం చెయ్యాలి

ఆకుల మీద కొట్టేవన్నీ సాయంత్రం ఎండ తగ్గాక కొట్టండి. పొద్దున్న తేనెటీగలు పూల మీద ఉంటాయి. విచ్చిన పూల మీద నేరుగా పడకుండా, ఆకు అడుగున తడిసేలా చూడండి. ఏది కొట్టినా ముందు ఒక కొమ్మకి కొట్టి రెండు రోజులు ఆగండి.

నత్రజని: వేరుశనగ చెక్క 100 గ్రాములు లీటరు నీళ్ళలో మూడు రోజులు నానబెట్టి, పది రెట్లు నీళ్ళు కలిపి, బ్యాగుకి అర లీటరు. త్వరగా కావాలంటే 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే, నీళ్ళలో కరిగే ఎరువు) లీటరుకి 5 గ్రాములు ఆకుల మీద. పూత దశలో యూరియా మీద చెయ్యి వెయ్యకపోవడమే మంచిది. ఎక్కువైతే ఆకు విరగబడి పూత రాలుతుంది.

మెగ్నీషియం: ఎప్సమ్ సాల్ట్ లీటరుకి 5 గ్రాములు, వారం పది రోజుల తేడాతో రెండుసార్లు. ఈలోగా పొటాష్ ఆపండి.

పొటాష్: 13-0-45 (పొటాషియం నైట్రేట్) లీటరుకి 5 గ్రాములు, ఆకుల మీద. మట్టి పీహెచ్ 6 దగ్గర ఉంటే నెలకి ఒక చెంచా బూడిద చాలు.

ఇనుము: అన్నభేది 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము, లీటరు నీళ్ళకి. ముందు నిమ్మ ఉప్పు కరిగించి, తర్వాత అన్నభేది వెయ్యండి. అన్నభేది లేత ఆకుపచ్చగా ఉండాలి. తుప్పు రంగులోకి తిరిగినది కొనొద్దు. కలిపిన నీళ్ళు కూడా వెంటనే వాడాలి, రేపటికి దాచుకోకూడదు. గచ్చు మీద పడితే మరక పోదు, కింద గోనె పరుచుకోండి. లేత మొక్కలకి సగం మోతాదు.

జింకు: జింకు సల్ఫేట్ లీటరుకి 2 గ్రాములు. భాస్వరం ఉన్న ఎరువుతో కలపొద్దు.

ఎర్రనల్లి, పేనుబంక: మూడు రోజులు వరసగా ఆకు అడుగున నీళ్ళు గట్టిగా చిమ్మండి. తగ్గకపోతే వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బు నీళ్ళతో. నల్లికీ బూడిద తెగులుకీ నీళ్ళలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు పనిచేస్తుంది. కానీ ఎండ 35 డిగ్రీలు దాటే రోజుల్లో వద్దు, వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు వద్దు. ఆకు కాలిపోతుంది.

తెల్లదోమకి పసుపు రంగు జిగురు అట్టలు, తామర పురుగుకి నీలం రంగువి. మొక్క కొస ఎత్తులో కట్టండి.

వేరు మునిగితే: కన్నాలు పుల్లతో పొడిచి తెరవండి, కుండీని ఇటుకల మీదికి ఎత్తండి, పుల్ల పొడిగా వచ్చేదాకా నీళ్ళు ఆపండి. ఎండాకాలంలో కూడా ఇటుకలు తియ్యొద్దు. తీస్తే మే నెల గచ్చు వేడి నేరుగా వేరుకి తగులుతుంది.

కుండీ చాలకపోతే: వేళ్ళు కదపకుండా మట్టి ముద్దతో సహా పెద్ద బ్యాగులోకి దింపి, చుట్టూ కొత్త మట్టి నింపండి. వేళ్ళు కత్తిరించడం లాంటివి పూత అయ్యాకే.

10. ఎక్కువగా చూసే పొరపాట్లు

- వారంలో మూడు మందులు. తగ్గినా దేనివల్ల తగ్గిందో తెలియదు, ముదిరినా తెలియదు. ఒకసారి ఒకటే మార్చండి, కనీసం ఏడు రోజులు ఆగండి.
- పసుపెక్కిన ఆకు మళ్ళీ పచ్చబడాలని చూడటం. పూర్తిగా పసుపెక్కింది చాలావరకు తిరిగి రాదు. కొత్తగా వచ్చే ఆకుని చూడండి.
- పసుపు ఆకులన్నీ ఒకేరోజు తుంచెయ్యడం. సగం పచ్చగా ఉన్న ఆకు ఇంకా మొక్కకి తిండి పెడుతూనే ఉంటుంది. తెగులు మచ్చలున్నవి, ముట్టుకుంటే ఊడేవి మాత్రమే తియ్యండి.
- ఎండిన మట్టిలో ఎరువు నీళ్ళు పొయ్యడం. ముందు మామూలు నీళ్ళు, గంట తర్వాత ఎరువు.
- కోడిగుడ్డు పెంకులతో వారంలో ఫలితం ఆశించడం. అవి కరగడానికి నెలలు పడుతుంది.
- చెంచా లెక్క. ఒక్కో ఇంట్లో ఒక్కో చెంచా. గ్రాముల్లో తూచండి.

11. పది రోజుల వరస

1వ రోజు: నాలుగు ఫోటోలు. మొక్క మొత్తం, కింది ఆకు, చిగురు, ఆకు అడుగు. 3, 4, 5 మెట్లు.
2వ రోజు: బరువు, పుల్ల, కన్నాలు, టీడీఎస్, పీహెచ్.
3వ రోజు: నోటు పుస్తకంలో ఒకే ఒక అనుమానం రాయండి. రెండు సమానంగా అనిపిస్తే నీళ్ళకి సంబంధించినది ముందు సరిచెయ్యండి.
4వ రోజు: ఒక కొమ్మకి పరీక్ష.
6వ రోజు: కొమ్మ బాగుంటే మొక్క మొత్తానికి.
7 నుంచి 9: నీళ్ళు తప్ప ఇంకేమీ వద్దు. చిగురు దగ్గర ఒక ఆకుకి దారం కట్టి గుర్తు పెట్టండి.
10వ రోజు: దారానికి పైన వచ్చిన ఆకు రంగు చూడండి. అది పచ్చగా ఉంటే కారణం సరిగ్గా పట్టుకున్నారు. ఇనుము లోపానికి ఇంత టైమ్ కూడా అక్కర్లేదు, నాలుగైదు రోజుల్లోనే ఈనెల పక్కన పచ్చదనం మొదలవుతుంది. నత్రజనికి ఇంకో వారం ఓపిక పట్టండి.

12. ఇంకా తేలకపోతే

శ్రీకాకుళం వైపు వాళ్ళకి ఆమదాలవలసలో కృషి విజ్ఞాన కేంద్రం, నైరాలో వ్యవసాయ కళాశాల ఉన్నాయి. విజయనగరంలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. ఊళ్ళో రైతు సేవా కేంద్రంలో అడిగితే మట్టి పరీక్షకి ఎక్కడ ఇవ్వాలో చెప్తారు. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, తెలుగులో మాట్లాడొచ్చు.

వెళ్ళేటప్పుడు ఒక్క పసుపు ఆకు జేబులో పెట్టుకుని వెళ్ళొద్దు. దారిలోనే వాడి ఎందుకూ పనికిరాదు. ఇవి తీసుకెళ్ళండి:

- జబ్బు కొమ్మ ఒకటి, మంచి కొమ్మ ఒకటి, విడివిడి కవర్లలో, పొడిగా
- వేరు దగ్గరి మట్టి అర కిలో, నీడలో ఆరబెట్టింది
- మీరు పోసే నీళ్ళు ఒక సీసా
- మీ నోటు పుస్తకం

పొద్దున్నే కోసి, ఎండ ముదరకముందే చేరేలా బయల్దేరండి.